విమానం అంచు

ఆ రోజుల్లో మా ధర్మవరంలో విమానం చప్పుడు వినబడితే వీధి వీధంతా మగ్గాలు ఆగిపోయేవి. నేతగాళ్లు మగ్గం కింది గుంతల్లోంచి కాళ్లు పైకి లాక్కుని, వీధిలోకి వచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలియదు. అయినా ఒకడు ఢిల్లీకి అనేవాడు, ఇంకొకడు కాదు మద్రాసుకి అనేవాడు. విమానం కనుమరుగైనా ఆ వాదం సాయంత్రం దాకా నడిచేది. ఇప్పుడు విమానాలు తలమీదుగా పోతూనే ఉంటాయి, తలెత్తేవాళ్లే లేరు. నేను మాత్రం ఎత్తుతాను. (మెడ పట్టేస్తుందని మా ఆవిడ గొడవ పెడుతుంది. పట్టేస్తే పట్టేయనీ.) ఎందుకంటే ఒకానొక విమానం పరువు కోసం నేను మా నాయనతోను, ఒక సావుకారుతోను, ఇంచుమించు జిల్లా మొత్తంతోను పోట్లాడినవాణ్ణి. తమాషా ఏమిటంటే ఆ విమానం ఏనాడూ నేలమీంచి లేవలేదు.

డిప్లొమా చేతికి వచ్చిన కొత్తలో నాకు బెంగుళూరులో ఒక విమానాల కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం దొరికింది. సంతోషం పట్టలేక ఇంటికి కార్డు ముక్క రాస్తూ ‘నన్ను డిజైన్ ఆఫీసులో వేశారు’ అని రాశాను. అదే కొంప ముంచింది. మా ఊళ్లో డిజైన్ అంటే చీర అంచు మీదా కొంగు మీదా వేసేదే తప్ప ఇంకో డిజైన్ ఈ లోకంలో లేదు. మా నాయన ఆ కార్డు జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. “మావాడు బెంగుళూర్లో డిజైన్లు గీస్తాండాడు” అని చెప్పాడు. “మామిడిపిందెలా, నెమళ్లా?” అని అడిగినవాళ్లకి “అన్నీ గీస్తాడప్పా, వాడికేమి” అని జవాబిచ్చాడు. నేను మొదటిసారి సెలవు మీద వచ్చేసరికి నలుగురు నేతగాళ్లు గళ్ల కాగితాలు పట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఉన్నారు, బెంగుళూరు మోస్తరు అంచు ఒకటి గీయించుకుపోదామని. వాళ్లను పంపించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

ఆ సాయంత్రం నాయనను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. నేను గీసేది చీరలు కాదు, విమానం అన్నాను. నాయన మొహం ఒక్కసారి వెలిగిపోయింది. “విమానమా? జనాలు ఎక్కేదేనా?” అన్నాడు. కాదు నాయనా, సామాన్లు ఎక్కేది, కార్గో అంటారు అన్నాను. వెలిగిన మొహం వెలిగినంత తొందరగానూ ఆరిపోయింది.

“అంటే గూడ్సా?”

మాది జంక్షన్ ఊరు. గూడ్సు అంటే ఏమిటో మా ఊరి పసిపిల్లలకు కూడా తెలుసు. ప్యాసింజరు వస్తే పక్క పట్టాల మీదికి తప్పుకునేది, ఎప్పుడు కదులుతుందో గార్డుకు కూడా తెలియనిది, ఎవరూ పలకరించడానికి ప్లాట్‌ఫారం మీదికి రానిది గూడ్సు. “ఇంత చదువు చదివి గూడ్సు దానికా పనిచేస్తాండేది? ఆ ఆఫీసులోనే పాసింజరు విమానం ఇంకోటి ఉండదా? మీ దొరకు చెప్పుకోని దాంట్లోకి మారగూడదా?” అన్నాడు నాయన, నిజంగానే బాధపడుతూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ విమానం ఎంత గొప్పదో గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చాను. చిన్నదే, కానీ గట్టిది. మంచుకొండల్లో ఉండే సిపాయిలకు బియ్యం, కిరసనాయిలు, మందులు చేర్చేది. రోడ్డు అవసరం లేదు, చదునైన మట్టినేల కాస్త ఉంటే దిగుతుంది, దిగినంత తేలిగ్గా లేస్తుంది. పైగా టర్బోప్రాప్ అన్నాను. అంటే ఏమిటన్నాడు. ముందు పంకా తిరుగుతుంది నాయనా, కానీ ఆ పంకాను తిప్పేది జెట్ ఇంజను అన్నాను. నాయన చాలాసేపు ఆలోచించి, “అంటే అటూ గాదు, ఇటూ గాదన్నమాట” అన్నాడు. వంటింట్లోంచి అమ్మ నవ్వడం వినిపించింది. నేను అన్నం తినకుండా పడుకున్నాను. (పడుకున్నానే గానీ అమ్మ వచ్చి రెండోసారి పిలిస్తే లేచి తిన్నాను. పౌరుషం మొదటి పిలుపు వరకే.)

అసలు సంగతి గూడ్సు కాదు. మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి నాయనది. రెండోది మా తాతది. తాత పోయినప్పటి నుంచి ఆ గుంత ఖాళీగా ఉంది. దాంట్లో నేను కూర్చోవాలని నాయన ఆశ. చీరల డిజైన్లు గీస్తున్నానని అనుకున్నంతకాలం సరిపెట్టుకున్నాడు, ఎటు తిరిగీ నేతపనే కదా అని. ఇప్పుడు ఆ ఓదార్పు కూడా పోయింది. మర్నాడు పొద్దున నన్ను పిలిచి తెగేసి చెప్పాడు. “మన వంశంలో అందరూ కాళ్లు గుంతలో పెట్టి బతికినోళ్లే. గాల్లో పెట్టినోడు లేడు. నువ్వు పెడతానంటాండావు, పెట్టు. నీ విమానం ఎగిరిందా, నీ దావన నువ్వు పో, నేను అడ్డం రాను. ఎగర్లేదా, వచ్చి మీ తాత గుంతలో కూచో.”

“ఎగురుతుంది. ధర్మవరం మీదనే ఎగురుతుంది. నువ్వే మగ్గంలోంచి లేచి చూస్తావు” అన్నాను. ఆ వయసులో నాకు ఆ విమానం ఎగరకపోవడమనే మాటే తోచలేదు. నేను గీస్తున్నాను కదా, ఎందుకు ఎగరదు?

నా పక్షాన నిలబడింది ఒక్క మా మామ. అమ్మకు తమ్ముడు. పెనుకొండ దగ్గర చెనక్కాయ చేలు చేసేవాడు. సెలవు ముగించుకుని బెంగుళూరు పోతూ పెనుకొండలో దిగి ఆయన్ను చూసిపోయాను. మట్టినేల మీద దిగుతుందన్న మాట వినగానే ఆయన నన్ను చేనికి తీసుకుపోయాడు. కొండ నీడ పడే వైపు ఒక రాళ్ల మిట్ట చూపించి, “ఈడ దిగుతాదా అల్లుడా?” అన్నాడు. రాళ్లు ఏరేస్తే దిగుతుంది మామా అన్నాను. (ఇంజనీర్లు ఎవరూ చదవకుందురు గాక.) “నువ్వు ఎగరనియ్యి అబ్బా. దించుకునేది నేను చూసుకుంటా” అన్నాడు. నేను మళ్లీ వచ్చేసరికి మిట్ట చదునయింది, రాళ్లు ఓ పక్కన కుప్పగా ఉన్నాయి, మా అత్త నాతో మాట్లాడటం మానేసింది.

ఆఫీసులో నా వంతు పని ఏమిటో చెప్పాలి. విమానం గీస్తున్నానని ఊళ్లో చెప్పుకున్నానే గానీ, నేను గీసింది విమానం తోక కింద సామాన్ల కోసం పెట్టిన పెద్ద తలుపుకి ఉండే బందు. అంటే మన ఇంటి తలుపుకి ఉండేలాంటి మడతబందే, కాకపోతే దాని మీద ఆకాశమంత బరువు. మా పైఅధికారిని రబ్బరు సార్ అనేవాళ్లం. నేను పెన్సిలుతో గీసినదాన్ని ఆయన రబ్బరుతో చెరిపేవాడు. మళ్లీ గీసేవాణ్ణి, మళ్లీ చెరిపేవాడు. ఆ బందు మీద నాకు తెలిసినంత ఈ దేశంలో ఇంకెవరికీ తెలియదని గర్వంగా ఉండేది. అందరి గీతలూ కలిసి చెక్కతో అసలు విమానమంత నమూనా ఒకటి తయారైంది. దాని వెనక తలుపు తీసి, వేసి, తీసి, వేసి, నేను రోజూ చూసుకునేవాణ్ణి. కిర్రుమనేది. నా చెవికి అది సన్నాయి.

ఒకనాడు రబ్బరు సార్ అందర్నీ పిలిచాడు. ఆయన చేతిలో రబ్బరు లేదు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఈ విమానం పని ఆపేస్తున్నారు అన్నాడు. ఇంజను బయటి దేశంనుంచి రావాలట, దానికి విదేశీ మారకం లేదట, ఇంకో విమానం ఏదో కొంటారట. మీ ఉద్యోగాలకు ఏమీ కాదు, వేరే పని ఇచ్చేదాకా సెలవు పెట్టి ఇళ్లకు పోయి రండి అన్నాడు. అందరూ కుర్చీలు జరుపుకుని లేచారు. నేను లేవలేదు. “సార్, మన లెక్కలో తప్పేమైనా ఉందా?” అని అడిగాను. “లేదయ్యా. ఏ తప్పూ లేదు” అన్నాడాయన. తప్పు ఉందని చెప్పి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేదేమో. ఏ తప్పూ లేకుండా ఆగిపోవడమేమిటి?

దాచిపెట్టాలని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే “నాయనా, విమానం ఆపేశారు” అన్నాను. నాయన నన్ను ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు. మాట మాటే అన్నట్టు తాత గుంత వైపు చూశాడు. అది అలికి ఉంది. అమ్మ పండగకు అలికిందో, నాయన అలికించాడో నేను అడగలేదు. మర్నాడు పొద్దున దాంట్లో కూర్చున్నాను. డిప్లొమా చదివిన కాళ్లు తొక్కుడు కర్రల మీద ఒకదానికొకటి పోటీపడ్డాయి. కుడిది తొక్కాల్సినచోట ఎడమది తొక్కాను, పోగులు తెంపాను, తెగిన పోగు అతకబోయి పక్క పోగు కూడా తెంపాను. మధ్యాహ్నానికి నాయన తన మగ్గంలోంచి లేచి వచ్చి, “వద్దులేరా, పట్టు ఏడుస్తాండాది” అన్నాడు.

సరిగ్గా అప్పుడే హిందూపురం సావుకారు కొత్త అంచు కావాలని కబురుపెట్టి ఉన్నాడు. మా చీరలు ఆయనే కొనేవాడు. జరీ పొదుపు కోసం ఎప్పుడూ సన్నంచే అడుగుతాడు గనక ఆయనకు సన్నంచు సావుకారు అని పేరు. “డిజైన్ ఆఫీసోడివి గదా, నేసేది ఎట్లా రాదు. గియ్యి, ఒక డిజైనన్నా గియ్యి” అని నాయన గళ్ల కాగితం నా ముందు పడేశాడు. ఒక్కో గడి ఒక్కో పోగు. పెన్సిలు చేతిలోకి తీసుకున్నాక నాకు మామిడిపిందె రాలేదు, నెమలీ రాలేదు. పంతం వచ్చింది. విమానాన్ని పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా గీశాను. వరసగా, ఒకదాని వెనక ఒకటి, అంచు పొడవునా ఎగిరేటట్టు. (ఆఫీసు కాగితాలు గేటు దాటించకూడదు, దాటించలేదు కూడా. నా తలలో ఉన్నదాన్ని గేటు దగ్గర ఎవరూ సోదా చేయలేదు.)

నాయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. “ఇదేంది?” అన్నాడు. “విమానం. నేయడం నీకు చేతకాకపోతే చెప్పు” అన్నాను. మా నాయనతో నేను అలా మాట్లాడటం అదే మొదలు. అమ్మ చేతిలో పట్టు చుడుతున్న రాట్నం ఆగింది. నాయన కాగితం తీసుకుని పోయి, దాని ప్రకారం మగ్గానికి కట్టే అట్టలకు రంధ్రాలు కొట్టించుకు వచ్చాడు.

నాయన నేస్తుంటే పక్కన కూర్చునేవాణ్ణి. చేత్తో ఏ పని చేసినా దాన్ని ప్రశ్నించకుండా చేసే మనిషి కాదాయన. “రెక్క నెత్తిమీద పెట్టినావే, నడుముకి పెట్టగూడదా?” అన్నాడు. పైనుంటే సామాను ఎక్కించేటప్పుడు అడ్డం రాదు నాయనా అన్నాను. కొంచెం నేశాక, “తోక ఎందుకు అట్ల పైకెత్తింది?” అన్నాడు. దాని కింద తలుపుంటుంది, లారీ వెనక్కి వచ్చి ఆనుకుంటుంది అన్నాను. “ఊఁ. తెలివైనోళ్లే” అన్నాడు. ఇంకొంచెం నేశాక ఒక మూల మీద వేలు పెట్టి, “ఈ తలుపు నువ్వు గీసిందేనా?” అని అడిగాడు. తలుపు కాదు, దాని బందు నేను గీసింది అన్నాను. అది ఎక్కడుందన్నాడు. తలుపు తోకకు ఆనేచోట జరీ చుక్క ఒకటుంది, అదే అన్నాను. నాయన కాసేపు ఆ చుక్కనే చూస్తూ కూర్చున్నాడు. “అయితే ఈ చుక్క యాడా తప్పిపోగూడదు” అన్నాడు. చీర పొడవునా ఎక్కడా తప్పిపోలేదు. నాకు ఏడుపు వచ్చింది. వచ్చిందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చీర మడతపెట్టుకుని ఇద్దరం పొద్దుటి బండికి హిందూపురం బయల్దేరాం. పెనుకొండలో మామ చింతపండు బుట్టతో ఎక్కాడు, సంతకు పోతూ. విమానం సంగతి ఆయనకు నేనే చెప్పాలి. చెప్పాను. మామ కిటికీలోంచి తన చేను వైపు చూసి, “రాళ్లు ఏరింది ఊరికే పోదులే అల్లుడా. కళ్లం చేసుకుంటా” అన్నాడు. ఆ మాటతో నాకు పోయిన బలం తిరిగి వచ్చింది. ముగ్గురం కలిసే సావుకారు అంగడికి పోయాం.

సన్నంచు సావుకారు చీర విప్పి పరుపు మీద పరిచాడు. అంచును అరచేత్తో నిమిరాడు. తల ఊపాడు. “బాగుండాదప్పా. బాతులు బాగా కుదిరినాయి” అన్నాడు.

“బాతులు కావు, విమానాలు” అన్నాను.

సావుకారు కళ్లద్దాలు పైకి తోసి నన్ను చూశాడు, మళ్లీ అంచును చూశాడు. నిజం చెప్పొద్దూ, గళ్లలోకి దిగేసరికి మా విమానం పొట్ట కాస్త లావైంది, తోక కాస్త వంకర తిరిగింది, ముందున్న పంకా ముక్కులా కనిపిస్తోంది. అయినా సరే. “విమానమని చెప్తే ఎవురు కొంటారబ్బా? పెళ్లికూతురు కట్టుకోని పీటల మీద కూచుంటే జనం నవ్వరా? బాతు కూడా వద్దు, హంస అందాం. హంసంచు చీర. గిరాకి బాగుంటాది. ఇట్లాంటివే ఇంకా నేసుకోని రండి, దుడ్లకు ఇబ్బంది పెట్టను” అన్నాడు.

నేను హంస కాదు అన్నాను. రెక్క పైన ఎందుకుందో చెప్పాను, తోక ఎందుకు లేచిందో చెప్పాను, టర్బోప్రాప్ అంటే ఏమిటో కూడా చెప్పబోయాను. అంగట్లో ఉన్నవాళ్లు మా చుట్టూ మూగారు. సావుకారు ఓపిగ్గా విని, “సరే నాయనా, ఆ విమానం యాడుండాది ఇప్పుడు? చూపించు, విమానమనే అమ్ముతా” అన్నాడు. మామ గట్టిగా దగ్గాడు. ఇక నాయన మొహం చూడాలంటే భయమేసింది. ఆయనకు ఇది నాలుగు నెలల తిండి. ఒక్క మాటకు, హంస అనే రెండక్షరాల మాటకు తలూపితే చాలు.

నాయన చీర దగ్గరికి వంగాడు. అంచు మీద అంచు ఆనించి, జరీ నలగకుండా, పసిపాపను ఎత్తుకున్నంత మెల్లగా మడతపెట్టాడు. “నా కొడుకు గీసింది విమానం. నేను నేసింది విమానం” అన్నాడు, గొంతు ఎత్తకుండా. “నీకు బాతు కావాలంటే చెరువుకాడికి పో.”

సావుకారుతో అలా మాట్లాడిన నేతగాణ్ణి అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. నాయన చీర చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు, మామ చింతపండు బుట్ట ఎత్తుకుని వెనకే దిగాడు, నేను వెనక్కి తిరిగి సావుకారు వైపు ఒక చూపు చూసి మరీ దిగాను. (ఆ చూపులో దేశభక్తి ఉందనుకున్నాను. మామ తర్వాత చెప్పాడు, ఆకలేసినట్టుందని.)

స్టేషన్లో ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. ధర్మవరం బండికి ఇంకా చాలా టైముంది. అంతలో బెంగుళూరు వైపు పోయే బండి సిగ్నలు పడింది. నాయన లేచాడు. “బెంగుళూరు బండి వస్తాండాది. ఎక్కు” అన్నాడు. నాకు అర్థం కాలేదు. “నా సెలవు ఇంకా ఉంది నాయనా. బట్టలు కూడా తేలేదు” అన్నాను.

“బట్టలు మీ అమ్మ పంపిస్తాది.”

“మరి మన మాట? విమానం ఎగర్లేదు కదా. నేను గుంతలో కూర్చోవాలి కదా?”

నాయనకు కోపం వచ్చింది. నా మీద కాదు, సావుకారు మీదా కాదు, ఢిల్లీలోనో ఎక్కడో సంతకం పెట్టిన వాడెవడో వాడి మీద. “ఎగర్లేదని ఎవురు చెప్పినారు? ఎగరనియ్యలేదు. ఎగరంది వేరే, ఎగరనియ్యంది వేరే. పోయి ఇంకోటి గియ్యి” అన్నాడు. బండి వచ్చింది. మామ నా చేతిలో చెనక్కాయల పొట్లం పెట్టి, వీపు మీద ఒక్క తోపు తోసి ఎక్కించాడు.

ఆ చీర ఎవరికీ అమ్మలేదు. అమ్మే కట్టుకుంది. ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒకరు ఏం బాతులివి అక్కా అని అడుగుతుండేవాళ్లు. అమ్మ వాదం పెట్టుకునేది కాదు. మావాడి విమానం, అని చెప్పి తాంబూలం అందుకునేది. నేను ఆ తర్వాత చాలా గీశాను. కొన్ని ఎగిరాయి, వాటి మీద నా పేరు లేదు, ఉండదు కూడా. రిటైరైన రోజున ఏయే విమానాలకు పనిచేశావని అడిగితే, నాతోపాటు రిటైరైనవాళ్లంతా ఎగిరినవే చెప్పారు. నేను ముందు దీన్ని చెప్పాను. చిన్నవాళ్లు కొందరు మొహమొహాలు చూసుకున్నారు.

ఆ రోజు ఆ బండిలో కిటికీ పక్కన కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒంటిమీది బట్టలు తప్ప ఏమీ లేవు, విమానం లేదు, చీర అమ్ముడుపోలేదు, ఒళ్లో చెనక్కాయ పొట్టు. అయినా పెద్ద యుద్ధమేదో గెలిచి వస్తున్నవాడిలా ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు, ఎదుటి సీటులో ముసలాయన ఎక్కడికి బాబూ అని అడిగితే విమానం చేయడానికి అని చెప్పాడు. గెలిచింది ఏమిట్రా నువ్వు అని వాణ్ణి అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఈ వయసులో కూడా నోరు రావడం లేదు.